విదేశానికి వెళ్ళాక ఇక్కడి బ్యాంకు వడ్డీకి పన్ను ఎలా లెక్కేసుకోవాలి?

"మా అబ్బయ్య డిపాజిట్ వడ్డీలో మూడో వంతు దాకా కోసేసినారు సార్, ఇదేం లెక్క?" నెల్లూరులో మేం రిటర్నులు వేసే చోటికి జూన్, జూలైల్లో వచ్చే అమ్మానాన్నలు మొదట అడిగేది ఇదే. వాళ్ళ పిల్లలు డాలస్ నుంచో కువైట్ నుంచో ఫోన్ చేసి అడిగేది ఇంకోటి: "అక్కడ ఎట్నో కోసేశారు కదా, మళ్ళీ ఇక్కడ చూపించాలా?"

రెండింటికీ మందు ఒకటే. వడ్డీని తేదీల వారీగా విడగొట్టాలి. ఆ పని బ్యాంకు చెయ్యదు, రెండు దేశాల పన్ను శాఖలూ చెయ్యవు. మీరే ఒక కాగితం మీద చేసుకోవాలి. ఆ కాగితం ఎలా రాసుకోవాలో, దాన్ని పట్టుకుని ఎక్కడ ఏం నింపాలో వరసగా చెబుతాను. ఉద్యోగానికో చదువుకో కొత్తగా వెళ్తున్నవాళ్ళకు, వెళ్ళి ఒకటి రెండేళ్ళయినవాళ్ళకు ఇది సరిపోతుంది. పొలం అమ్మకాలు, షేర్ల లెక్క వేరు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీల కాపీలు. ముద్ర పడని చోట్ల బోర్డింగ్ పాసే ఆధారం, పారెయ్యకండి.
- మీ పేరున్న ప్రతి ఖాతా జాబితా: సేవింగ్స్, ఎఫ్‌డీ, ఆర్‌డీ, పీపీఎఫ్, సహకార బ్యాంకులో వేసినవి. మీది మొదటి పేరా, రెండో పేరా అన్నది ఎదురుగా రాయండి.
- వాటన్నిటికీ 15 నెలల స్టేట్‌మెంట్లు, వెళ్ళిన ఏడాది జనవరి నుంచి మరుసటి మార్చి దాకా. 12 నెలలవి తీసుకుంటే సరిపోవు, ఎందుకో మూడో మెట్టులో కనిపిస్తుంది.
- పాన్, ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డు, ఆధార్‌కు లింకయిన ఇండియా సిమ్ము. ఈ సిమ్మును రీఛార్జి చేయించకుండా వదిలేసి, తర్వాత ఓటీపీ రాక తిప్పలు పడినవాళ్ళు లెక్కలేనంత మంది.

1. మూడు తేదీలు తేల్చుకోండి

బ్యాంకు, ఇండియా పన్ను శాఖ, కొత్త దేశం. మీరు "ఎప్పటి నుంచి అక్కడివారు" అన్నదానికి ఈ ముగ్గురికీ మూడు లెక్కలున్నాయి. ఎక్కువ తప్పులు ఈ మూడూ ఒకటే అనుకోవడం వల్లే వస్తున్నాయి.

బ్యాంకు లెక్క ఫెమా (విదేశీ మారకపు) చట్టం ప్రకారం. ఉద్యోగానికో చదువుకో దేశం దాటారంటే అప్పటి నుంచే మీరు ఎన్ఆర్ఐ. రోజులు లెక్కపెట్టే పని లేదు.

ఇండియా ఆదాయపు పన్ను మాత్రం రోజులే చూస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు ఇక్కడ 182 రోజులు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ ఏడాదికి మీరు రెసిడెంటే. ఉద్యోగానికి వెళ్ళే భారతీయులు వేళ్ళ మీద లెక్కేసుకోండి: ఏప్రిల్ నుంచి ఆగస్టు ఆఖరుకు 153 రోజులు. సెప్టెంబరు 28న విమానం ఎక్కితే, ఎక్కిన రోజుతో కలిపి 181. నాన్ రెసిడెంట్ అవుతారు. 29న ఎక్కితే 182, రెసిడెంట్. ఆ ఒక్క రోజు తేడాతో మార్చి దాకా అక్కడ సంపాదించిన జీతం కూడా ఇక్కడి రిటర్నులో చూపించాల్సి వస్తుంది. టికెట్టు ఇంకా బుక్ చెయ్యనివాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి.

చదువుకు వెళ్ళేవాళ్ళూ, జాగ్రత్త. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకిచ్చిన ఈ 182 రోజుల సడలింపు మీకు వర్తించదని అనుకుని నడవడమే భద్రం. మీకు ఇంకో నిబంధన ఉంది: ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్. ఆగస్టులో ఎమ్మెస్‌కు వెళ్ళే పిల్లలంతా దాదాపుగా ఇందులోకే వస్తారు. అంటే మొదటి ఏడాది బ్యాంకు దృష్టిలో ఎన్ఆర్ఐ, పన్ను దృష్టిలో రెసిడెంట్. వింతగా ఉన్నా చట్టం అట్నే ఉంది.

మూడోది కొత్త దేశం లెక్క. అది అయిదో మెట్టులో.

2. బ్యాంకుకు చెప్పి ఖాతా మార్పించండి

మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే ఇండియాలో వచ్చే డబ్బుకు ఎన్ఆర్ఐలు ఉంచుకునే ఖాతాగా, మార్చాలి. ఎఫ్‌డీలు కూడా అట్నే. వీసా కాపీ, పాస్‌పోర్టు, అక్కడి చిరునామా ఇస్తే చాలా బ్యాంకులు మెయిల్ మీదనో యాప్‌లోనో చేసిపెడతాయి. కుదిరితే వెళ్ళేముందే మీ బ్రాంచిలో మాట్లాడి రండి. చిన్న సహకార బ్యాంకులన్నిటికీ ఎన్ఆర్ఓ ఖాతా నడిపే అనుమతి ఉండదు. అక్కడ డిపాజిట్ ఉంటే ముందే అడిగి తెలుసుకోండి.

మార్చగానే కోత మారుతుంది. రెసిడెంటుగా ఉన్నప్పుడు ఒక బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ ఏడాదికి 50,000 దాటితేనే 10% టీడీఎస్ (బ్యాంకు ముందే కోసి కట్టే పన్ను), 60 ఏళ్ళు దాటినవాళ్ళకు 1,00,000 దాటితే. సేవింగ్స్ వడ్డీ మీద అసలు కోతే లేదు. ఎన్ఆర్ఓ అయ్యాక మొదటి రూపాయి నుంచే 30%, దాని మీద 4% సెస్సు, వెరసి 31.2%. సేవింగ్స్ వడ్డీకీ అంతే. ఆ అమ్మానాన్నలు అడిగే "మూడో వంతు" ఇదే. అన్యాయం కాదు, తుది పన్ను కూడా కాదు. ఎక్కువ మందికి అందులో చాలా భాగం వెనక్కి వస్తుంది.

ఈ కోత చూసి భయపడి ఖాతా మార్పించకుండా ఊరుకునేవాళ్ళున్నారు. అది ఫెమా ఉల్లంఘన. పన్ను కొయ్యొద్దని బ్యాంకుకు రాసిచ్చే ఫారం (2026 మార్చి దాకా దాని పేరు 15జీ) ఇచ్చి కోత ఆపుకుందామని చూసేవాళ్ళూ ఉన్నారు. ఎన్ఆర్ఐ ఆ ఫారం ఇవ్వకూడదు, ఇస్తే తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. మీ తరఫున నాన్నగారు సంతకం పెట్టి ఇచ్చినా సరే.

వెళ్ళాక అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవండి. దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. "ఇండియాలో" అన్న మాట గట్టిగా పట్టుకోండి, కొత్త దేశంలో ఉండవచ్చు.

అమ్మానాన్నల డబ్బు, పిల్లల పేరు

ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రైతు దంపతులు వచ్చారు. రొయ్యల గుంటల మీద వచ్చిన 14 లక్షలు కొడుకు మొదటి పేరుగా డిపాజిట్ వేశారు. "చివరికి వాడికే కదా" అన్నది ఆ తల్లి. ఆమె సంచిలోంచి తీసిన ఎఫ్‌డీ రసీదు మీద కొడుకు పేరు మొదట, తన పేరు చివర. 7% చొప్పున ఏడాది వడ్డీ 98,000. కొడుకు కేవైసీలో ఎన్ఆర్ఐ అని పడగానే 30,576 కోత పడింది. ఆమెకు 63 ఏళ్ళు. డబ్బు వాళ్ళదే కాబట్టి ఆమె పేరు మీదే వేసి ఉంటే, ఆ బ్యాంకులో వేరే డిపాజిట్ లేదు గనక, కోత సున్నా. పైగా కొడుకు అమెరికాలో తన రిటర్నులో ఈ వడ్డీకి లెక్క చెప్పాల్సిన పని ఉండేది కాదు.

పెద్దల డబ్బైతే పెద్దల పేరు మీదే వేయండి. పిల్లల్ని నామినీగా పెట్టండి, జాయింటుగా కాదు. నామినీగా ఉన్నందుకు వాళ్ళకు ఏ దేశంలోనూ పన్ను పడదు. ఇప్పటికే వేసేసి ఉంటే, గడువుకు ముందు తీస్తే తగ్గే వడ్డీ ఎంతో బ్యాంకులో కనుక్కుని, దాన్ని కోతతో పోల్చి చూసి అప్పుడు కదిలించండి.

3. ఆ కాగితం రాయండి

ఒంగోలు అమ్మాయి ఒకరు 2025 మే 10న హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద డాలస్‌లో దిగారనుకోండి. 12 లక్షల ఎఫ్‌డీ, 7%, మూడు నెలలకోసారి 21,000 వడ్డీ. మే నెలలోనే ఎన్ఆర్ఓ చేయించారు. కాగితం మీద ఒక్కో వడ్డీకి ఒక్కో వరస:

- 2025 మార్చి 31, 21,000: ఇండియా 2024-25. అమెరికాలో లేదు, అప్పటికి వెళ్ళలేదు.
- 2025 జూన్ 30, 21,000: ఇండియా 2025-26. అమెరికా 2025.
- 2025 సెప్టెంబరు 30, 21,000: ఇండియా 2025-26. అమెరికా 2025.
- 2025 డిసెంబరు 31, 21,000: ఇండియా 2025-26. అమెరికా 2025.
- 2026 మార్చి 31, 21,000: ఇండియా 2025-26. అమెరికా 2026.

ఇండియాకు 84,000, అమెరికాకు 63,000. డిపాజిట్ ఒకటే, అంకెలు రెండు. ఇక్కడ ఏప్రిల్ నుంచి మార్చి, అక్కడ జనవరి నుంచి డిసెంబరు. అందుకే 15 నెలల స్టేట్‌మెంటు. బ్యాంకు ఇచ్చే ఏడాది వడ్డీ సర్టిఫికెట్టులోని అంకెను తీసుకెళ్ళి అమెరికా రిటర్నులో వేస్తే తప్పు లెక్క అవుతుంది.

ఇంకో తప్పు పాస్‌బుక్ చూసి రాయడం. కోత పోను ఖాతాలో పడేది 14,448. రాయాల్సింది 21,000. కోసిన 6,552 పక్కన ఇంకో గడిలో రాయండి.

వడ్డీ చేతికివ్వకుండా అసలులో కలిపే డిపాజిట్లకు కూడా ఏటా వరస రాయాల్సిందే. అయిదేళ్ళ తర్వాత ఒకేసారి చూపిద్దామంటే ఇక్కడ టీడీఎస్ ఏటా పడుతూనే ఉంటుంది, లెక్క కలవదు.

4. ఇండియాలో రిటర్ను వేసి కోత వెనక్కి తెచ్చుకోండి

నాన్ రెసిడెంట్ అయిన ఏడాదికి వెయ్యాల్సిన రిటర్ను ఫారం ఐటీఆర్-2. గడువు మామూలుగా జూలై 31. పైన చెప్పిన అమ్మాయికి ఏప్రిల్ జీతం 90,000 ఉందనుకుందాం. వడ్డీతో కలిపి 1,74,000. కొత్త పద్ధతిలో 2025-26కు 4,00,000 దాకా పన్ను లేదు, ఇది ఎన్ఆర్ఐలకూ వర్తిస్తుంది. కాబట్టి కోసిన 26,208 మొత్తం వెనక్కి వస్తుంది. రిటర్ను వెయ్యకపోతే ఒక్క రూపాయి రాదు. ప్రభుత్వం తనంతట తాను పంపదు.

ఒక తేడా ఉంది. రెసిడెంట్లకు దొరికే 87ఏ రిబేటు (పన్నులో ఇచ్చే తగ్గింపు) నాన్ రెసిడెంట్లకు లేదు. "12 లక్షల దాకా పన్ను లేదు" అని పేపర్లో చదివింది ఆ రిబేటు వల్ల. మీరు 4 లక్షల దగ్గరే ఆగాలి.

రీఫండు ఆగిపోయే చోట్లు నేను చూసినవి ఇవి. ఖాతా ఎన్ఆర్ఓ అయ్యాక పోర్టల్‌లో మళ్ళీ వ్యాలిడేట్ చెయ్యరు, పాత సేవింగ్స్ అనే ఉండిపోతుంది. పోర్టల్ ప్రొఫైల్‌లో రెసిడెంట్ అనే ఉంటుంది. ఆధార్ లింకు లేని పాన్ పనిచెయ్యనిదైపోతుంది. ఎన్ఆర్ఐకి ఆ లింకు తప్పనిసరి కాకపోయినా, ఎన్ఆర్ఐ అని పోర్టల్‌లో మీరు మార్చుకోవాలి. చివరిది ఈ-వెరిఫై మర్చిపోవడం. వేసిన 30 రోజుల్లో చెయ్యాలి. సిమ్ము లేకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారా చెయ్యండి, అదీ కుదరకపోతే సంతకం పెట్టిన కాగితం బెంగళూరుకు పోస్టులో పంపండి.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చింది. ఆ తేదీ తర్వాతి ఆదాయానికి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారాయి. మీ ఆడిటర్ని నంబరుతో కాకుండా పనితో అడగండి: "ట్రీటీ రేటుకు ఇచ్చే ఫారం" (ఆరో మెట్టులో చెప్పే ఒప్పందపు రేటు), "వడ్డీ కోత సర్టిఫికెట్టు" అని.

5. కొత్త దేశంలో చూపించండి

*అమెరికా.* ముందు మీరు పన్ను రెసిడెంటా కాదా తేల్చండి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుకునే పిల్లలు మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా నాన్ రెసిడెంట్లు. నాన్ రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్ఆర్, దానితో 8843 ఫారం వేస్తారు. ఇక్కడి వడ్డీ అక్కడ చూపించక్కర్లేదు. స్నేహితుడు వాడాడని మామూలు సాఫ్ట్‌వేర్‌లో రెసిడెంట్లు వేసే 1040 నింపేసే పిల్లలు చాలామంది, దయచేసి అలా చెయ్యకండి.

హెచ్-1బీ మీద నేరుగా వెళ్ళినవాళ్ళకు ఆ క్యాలెండర్ ఏడాదిలో 183 రోజులు లెక్కకు రావాలి. మే 10న దిగిన అమ్మాయికి వచ్చాయి, అందుకే దిగిన రోజు నుంచి వచ్చిన వడ్డీ మొత్తం చూపించాలి. అదే ఆగస్టు 18న దిగి, అంతకు ముందు రెండేళ్ళలో అక్కడ లేకపోతే, డిసెంబరుకు 136 రోజులే. ఆ ఏడాది వడ్డీ అక్కడ లెక్కకు రాదు, జనవరి 1 నుంచి వస్తుంది. భార్యాభర్తలు కలిసి ఏడాది మొత్తానికి రెసిడెంట్లుగా వేసే ఎంపిక తీసుకుంటే మాత్రం, వెళ్ళక ముందు ఇక్కడ వచ్చిన వడ్డీ, జీతం కూడా అందులోకి వస్తాయి.

రెసిడెంట్ అయ్యాక ఎన్ఆర్ఈ వడ్డీ, పీపీఎఫ్ వడ్డీ కూడా అక్కడ ఆదాయమే. రిటర్నుతో వేసే షెడ్యూల్ బీలో విదేశీ ఖాతా ఉందా అన్న ప్రశ్నకు నిజం చెప్పండి. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫారం) వెయ్యాలి. సుమారు 9 లక్షల రూపాయలు, అంతే. ఏప్రిల్ 15 గడువు, అక్టోబరు 15 దాకా దానంతటదే పొడిగింపు. పన్ను కట్టే ఫారం కాదిది, సమాచారమే, కానీ వెయ్యకపోతే జరిమానా గుండె ఆగేంత ఉంటుంది. అమ్మ ఖాతాలో మీరు రెండో పేరుగా ఉన్నా ఆ ఖాతా కూడా ఇందులోకి వస్తుంది. ఒంటరిగా రిటర్ను వేస్తూ అక్కడే ఉండేవారికి ఏడాది ఆఖరున 50,000, లేదా మధ్యలో ఎప్పుడైనా 75,000 డాలర్లు దాటితే విదేశీ ఆస్తులు చూపించే 8938 ఫారం కూడా.

ఇక అందరూ పొరబడే చోటు. ఇండియాలో కోసిన 26,208కి అమెరికాలో క్రెడిట్ అడుగుతారు. ఇక్కడ అది రీఫండుగా వెనక్కి వస్తోంది కదా! వెనక్కి వచ్చే పన్నుకు క్రెడిట్ లేదు. "ఇక్కడ రిటర్ను వెయ్యను, అక్కడే క్రెడిట్ తీసుకుంటా" అన్నా ఒప్పుకోరు, వెనక్కి తెచ్చుకోగల పన్నును కట్టిన పన్నుగా చూడరు. ఇక్కడి రిటర్ను పూర్తయ్యాక నిజంగా మిగిలిన పన్నుకే 1116 ఫారంలో క్రెడిట్. ఈ అమ్మాయికి అది సున్నా.

*గల్ఫ్.* కువైట్, ఖతార్, సౌదీ, యూఏఈల్లో జీతగాళ్ళకు వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. మీ లెక్కంతా ఇండియా వైపే. రిటర్ను వేసి రీఫండు తెచ్చుకోవడం ఒక్కటే పని.

*బ్రిటన్.* పన్ను ఏడాది ఏప్రిల్ 6న మొదలవుతుంది, మార్చి ఆఖరు వడ్డీ ఇక్కడి ఏడాదితో దాదాపు కలిసిపోతుంది. 2025 ఏప్రిల్ 6 నుంచి, అంతకు ముందు పదేళ్ళు అక్కడి రెసిడెంట్ కానివారు మొదటి నాలుగేళ్ళు విదేశీ ఆదాయానికి మినహాయింపు కోరవచ్చు. కానీ కోరితే 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ పోతుంది, 20% రేటులో 2,514 పౌండ్ల నష్టం. లక్ష రూపాయల వడ్డీ కోసం అది కోరడం దండగ. 20% రేటువారికి 1,000 పౌండ్ల దాకా వడ్డీ మీద ఎలాగూ పన్ను లేదు, విదేశీ వడ్డీ కూడా అందులోకే వస్తుంది.

*ఆస్ట్రేలియా, కెనడా.* ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా వారికి విదేశీ వడ్డీ మీద సాధారణంగా పన్ను లేదు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చిన రోజుతో అది ముగుస్తుంది. భార్య గానీ భర్త గానీ అక్కడి పౌరులైతే ఈ మినహాయింపు లేదు. కెనడాలో స్థిరపడిన రోజు నుంచి ప్రపంచంలో ఎక్కడి వడ్డీ అయినా చూపించాలి.

6. వచ్చే ఏడాది కోత తగ్గించుకోండి

ఇండియాలో మీ ఆదాయం 4 లక్షలు దాటుతుంటేనో, రీఫండు కోసం ఏడాది ఆగలేకపోతేనో ఇది చెయ్యండి. రెండు దేశాల ఒప్పందం ప్రకారం వడ్డీ మీద రేటు తక్కువ: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లకు 15%, యూఏఈకి 12.5%, కువైట్, ఖతార్, సౌదీ, ఒమన్, జర్మనీలకు 10%. వీటి మీద సెస్సు కలవదు.

దీనికి బ్యాంకుకు ఇవ్వాల్సినవి: ఆ దేశం ఇచ్చే టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్టు, పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా నింపిన 10ఎఫ్ ఫారం లేదా కొత్త చట్టంలో దాని బదులు వచ్చినది, బ్యాంకు ఇచ్చే డిక్లరేషన్, పాన్. ప్రతి ఏడాదీ కొత్తగా ఇవ్వాలి. ఏప్రిల్‌లోనే ఇవ్వండి. డిసెంబరులో ఇస్తే అప్పటిదాకా కోసింది బ్యాంకు తిరిగివ్వదు, రిటర్నులోనే అడగాలి. అమెరికాలో ఈ సర్టిఫికెట్టుకు 8802 ఫారం పంపాలి, 85 డాలర్లు రుసుము. మొదటి ఏడాది రిటర్ను వెయ్యకముందు అది చేతికి రావడం కష్టం, ఆ ఏడాదికి రీఫండు దారే పట్టండి.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పాన్ మీద పడిన కోతల పట్టీ) తెరవండి. 2026 మార్చి దాకా జరిగిన కోతల పక్కన 194ఏ అని ఉంటే బ్యాంకు మిమ్మల్ని ఇంకా రెసిడెంటుగానే చూస్తోంది. 195 అని ఉంటే ఎన్ఆర్ఓగా మారినట్టు. ఒకే బ్యాంకులో సేవింగ్స్‌కు 195, ఎఫ్‌డీకి 194ఏ పడిన కేసులు మా దగ్గరికి వచ్చాయి. ఖాతా మార్చి డిపాజిట్ మర్చిపోయారన్నమాట. వెంటనే బ్రాంచికి మెయిల్ పెట్టండి.

తర్వాత అదే పోర్టల్‌లోని ఏఐఎస్‌లో (మీ పాన్ మీద చేరిన ఏడాది ఆదాయాల పట్టీ) ఉన్న వడ్డీ మొత్తాన్ని మీ కాగితంలోని ఇండియా గడితో పోల్చండి. ఎక్కువ చూపిస్తుంటే అమ్మానాన్నలు మీ పేరుతో వేసి మీకు చెప్పని డిపాజిట్ ఏదో ఉన్నట్టే. ఫోన్ చేసి అడగండి. తక్కువ చూపిస్తుంటే మార్చి త్రైమాసికం ఇంకా చేరలేదేమో, జూన్ మధ్య దాకా ఆగి మళ్ళీ చూడండి. ఆ తర్వాతే రిటర్ను వేయండి.

కొత్త దేశం రిటర్నుకు డాలర్లలోకి మార్చినప్పుడు ఏ రేటు వాడారో అదే కాగితం అడుగున రాసి పెట్టుకోండి. ఎఫ్‌బీఏఆర్‌కు మాత్రం అమెరికా ట్రెజరీ ప్రకటించే డిసెంబరు 31 రేటే వాడాలి. కాగితాన్ని ఫోటో తీసి అన్నకో తమ్ముడికో ఒక కాపీ పంపండి, మరుసటి ఏడాది మళ్ళీ మొదటి నుంచి వెతుక్కునే పని తప్పుతుంది.